గోళీకి నడక నేర్పిన మనిషి

మొన్న బెంగళూరు నుంచి తిరిగివస్తూ జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల మధ్య ఇరుక్కుపోయాను. పక్కనే టీకొట్టు. లారీ దిగిన డ్రైవరొకాయన కొట్టు ముందు పడుకున్న కుక్క దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. వెంటనే ముట్టుకోలేదు. రెండు అరచేతులూ బాగా రుద్దుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. ఆ తర్వాత చెయ్యి నేలకు ఆనించి, కిందనుంచి మెల్లగా చాపాడు.

వెనక హారన్లు మోగుతున్నాయి. నాకు బండి కదిలించడం చేతకాలేదు. ఆ అలవాటు అంతకుముందు ఒక్క మనిషిలోనే చూశాను. ఆయన పోయి రెండేళ్ళు. ఆయన చావు నా కుక్క మోకాలి దగ్గర మొదలైంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు రాసే హక్కు నాకుందని అనుకోవడం లేదు. హోసూరు పక్కనే ఉన్న మా మత్తిగిరిలో అందరూ ఆయన్ని 'ఫారం అప్పా' అనేవాళ్ళు. పశువుల ఫారంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. భార్యా కూతురూ కావేరిపట్టణంలో ఉండేవాళ్ళు. ఆయన మాత్రం ఇక్కడే ఒక గది ఉంచుకుని, శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి సోమవారం పొద్దున్నే వచ్చేసేవాడు. "ఆడ రెండు దినాలకంటే నిద్ర పట్టదమ్మా. గొడ్ల చప్పుడు ఉండల్ల నాకు" అనేవాడు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచేవాడు. రిటైరయినా ఖాకీ చొక్కా వదల్లేదు. భుజాన ఎప్పుడూ ఒక తువ్వాలు.

నేను ఒంగోలు నుంచి ఉద్యోగానికి హోసూరు వచ్చినదాన్ని. వాహనాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం. ఇంట్లో నేనూ, గోళీ. గోళీ నాలుగు కిలోల పొమరేనియన్. దాని కుడి వెనక కాలి మోకాలి చిప్ప మాటిమాటికీ పక్కకు జారిపోయేది. పరిగెత్తుతూ పరిగెత్తుతూ కాలు ముడుచుకుని మూడు కాళ్ళమీద గెంతేది. మొదట్లో అది ఆటనుకున్నాను. ఒకరోజు సోఫా మీదనుంచి దూకి, లేవలేక అరిచిన అరుపు విన్నాక బెంగళూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాను.

డాక్టరు చెప్పిన జాగ్రత్తలు రెండు పేజీలున్నాయి. ఎనిమిది వారాలు గెంతకూడదు, మెట్లెక్కకూడదు, జారే నేలమీద నడవకూడదు. మెడకు ప్లాస్టిక్ గరాటు తీయకూడదు. ఒంటికీ రెంటికీ పొట్ట కింద తువ్వాలు వేసి, వెనక భాగం మొయ్యాలి. రోజుకు మూడుసార్లు మోకాలు వంచి చాపాలి. నేను వంచబోతే గోళీ నా చెయ్యి పళ్ళతో పట్టుకునేది. నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఐదో రోజు ఆఫీసు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పాలు పోసే ఆవిడ నా ముఖం చూసి, "ఫారం అప్పాను పిలవండమ్మా, ఆయన దగ్గర పులి కూడా సుమ్మా, గమ్మున కూర్చుంటాది" అంది.

మరునాడు పొద్దున ఏడింటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. అది గెంతకుండా గదిలో ఓ మూల కట్టిన కంచెలోంచి గోళీ పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. ఆయన దానివైపు చూడనైనా చూడలేదు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, దానికి వీపు తిప్పి నేలమీద కూర్చున్నాడు. నేను కాఫీ తెస్తే తాగాడు.  అరగంట గడిచింది. గోళీ గుర్రుమనడం మాని, ముక్కు కంచె సందులోంచి బయటకు పెట్టింది. అప్పుడు ఆయన అరచేతులు రుద్దుకున్నాడు, వాసన చూసుకున్నాడు.

"ఎందుకండీ అలా?" అన్నాను.

"సబ్బు వాసన ఉంటే దానికి ఆసుపత్రి గుర్తొస్తాదమ్మా. మనిషి వాసన రావల్ల."

చెయ్యి కిందనుంచి వెళ్ళింది. గోళీ నాకింది. ఆయన దాని తొడ కింద ఒక అరచెయ్యి, పాదం కింద ఒక వేలు పెట్టి, గాలి కదిలినంత మెల్లగా మోకాలు వంచాడు. వంచుతూ లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు... నాలు, అంజు, ఆరు... ఏళు, ఎంటు, ఒంబత్తు, హత్తు." మూడు తెలుగులో, మూడు తమిళంలో, మిగతావి కన్నడంలో. ఎప్పుడూ అదే వరస. నేను నవ్వితే, "ఫారంలో మూడు రకాల ఆవులు ఉన్యాయి గదమ్మా, అన్నిటికీ అర్థం కావద్దా?" అన్నాడు. ముఖంలో మాత్రం నవ్వు లేదు. ఆయన నిజంగానే అలా నమ్మేవాడేమో, ఇప్పటికీ నాకు తెలియదు.

"నువ్వు కాలు చూస్తా ఉండావు" అని నన్ను సరిదిద్దాడు. "కాలు చూడొద్దు. చెవి చూడు. నొప్పి మొదలు చెవికి వస్తాది, తర్వాతే నోటికి వస్తాది. చెవి వెనక్కి పోయిందంటే నిలిపెయ్యి."

ఆ తర్వాత ఇల్లంతా తిరిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని, గది గదికీ ఆగి ఆగి. సోఫాను గోడకు తిప్పి పెట్టించాడు. వంటింట్లోంచి పెరట్లోకి ఉన్న ఒక్క మెట్టుకు చెక్క అడ్డం పెట్టాడు. టైల్స్ మీద పరిచిన రబ్బరు చాపల మధ్య నాలుగు వేళ్ళ సందు కనబడితే, దానిలో గోనెసంచి మడిచి కుక్కాడు. కాలింగ్ బెల్ మోగితే గోళీ ఎగురుతుందని బెల్లులోంచి బ్యాటరీ తీసి నా చేతిలో పెట్టాడు.

"యాడ నుంచి వస్తాదో ముందే చూసుకోవల్లమ్మా. వచ్చినాక చూసేదానికి ఏముండాది?"

ఆ మాట రోజూ ఏదో ఒక సందర్భంలో అనేవాడు. గాలికి తలుపు కొట్టుకున్నా అనేవాడు, కిటికీలోంచి పిల్లి తొంగిచూసినా అనేవాడు. వినగా వినగా నాకు అది కొంచెం భయంగా ఉండేది. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ, ఏదో రాబోతోందనీ, అది ఏ వైపునుంచో తెలియక ఆయన కాపలా కాస్తున్నాడనీ అనిపించేది. గోళీ నిద్రపోతున్నా ఆయన చూపు దానిమీద ఉండేది కాదు, వాకిలి మీద ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం నేను ఇంటినుంచే పనిచేస్తున్నాను. కాపడానికి గుడ్డ పిండుతూ చొక్కా చేతులు పైకి మడిచాడు. రెండు చేతులనిండా మచ్చలు. చూసి ఉలిక్కిపడ్డాను. ఆయన ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ చెప్పాడు. ఇది ఆంబోతు కొమ్ము. ఇది గుర్రం పన్ను. ఇది దూడ పుట్టినప్పుడు తల్లి తొక్కింది. ఇవి నాలుగూ కుక్కలవి.

"సూదులు వేయించుకున్నారా మరి?"

"మొదటిదానికి వేయించినారు. అప్పుడు నాకు పదహారేండ్లు. బొడ్డు చుట్టూ పొడిచినారమ్మా, దినమూ ఒకటి. నలుగురు పట్టుకునేవాళ్ళు. పొట్ట ఇట్ల ఉబ్బిపోయి జొరం. అవి అయ్యేలోపల చచ్చిపోతే బాగుండు అనిపించింది." గుడ్డ పిండి గోళీ మోకాలికి ఆనించాడు. "ఆ పొద్దు అనుకున్నాను, ఇంక జన్మలో పోకూడదని. తర్వాత మూడు కరిచినాయి. ఏమైనాది? నా రక్తం రాటుదేలిపోయింది."

"ఇప్పుడు బొడ్డు చుట్టూ ఎవరూ వెయ్యరండీ, చేతికే" అన్నాను.

"అట్లే చెప్తారు" అన్నాడాయన. ఆపరేషనుకు తీసుకుపోయేముందు గోళీని బుజ్జగించినట్టు తననీ బుజ్జగిస్తున్నానని ఆయన అనుకున్నట్టుంది. నేను లాప్‌టాప్‌లోకి తల దూర్చేశాను.

మూడో వారం కుట్లు తీశారు. నాలుగో వారం డాక్టరు రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు, తాడు పొట్టిగా పట్టుకుని నడిపించమన్నారు. ఫారం ప్రహరీగోడ పక్కన వెళ్ళే మట్టిదారి మెత్తగా ఉంటుందని ఆయనే ఎంచాడు. సాయంత్రం ఐదింటికి నేను త్వరగా వస్తే ముగ్గురం వెళ్ళేవాళ్ళం. గోళీ మొదటి రెండు రోజులు కాలు గాల్లోనే పెట్టుకుంది. మూడో రోజు వేళ్ళు నేలకు తాకించింది. ఆయన అక్కడికక్కడే మట్టిలో బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, ఆ పాదం నేలమీద పడుతోందా లేదా అని చూశాడు. లేచాక చొక్కా నిండా దుమ్ము. "పెట్టిందమ్మా! నాలుగు వేళ్ళూ పెట్టింది!" ఆ ఒక్కరోజే ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం చూశాను.

ఆ మర్నాడే అది వచ్చింది.

దారి నేరుగా ఉంటుంది, దూరం వరకు కనిపిస్తుంది. అవతలి చివరనుంచి ఒక కుక్క వస్తోంది. మా వీధి కుక్కల్లో ఎప్పుడూ చూడనిది, గోధుమరంగుది. ఊరకుక్కలు వాసన చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతూ వస్తాయి కదా, అది అలా రావడం లేదు. ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు నేరుగా వస్తోంది. వెనక కాళ్ళు తడబడుతున్నాయి. దవడ కిందకు వేలాడుతోంది. నాకు జాలేసింది. దెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

ఆయన ఆగిపోయాడు. తాడు నా చేతిలో పెట్టాడు. గొంతు ఏమాత్రం పెంచకుండా, "అమ్మా, గోళీని ఎత్తుకో. ఎత్తుకుని గోడకి ఆనుకో. పరిగెత్తొద్దు. అరవద్దు" అన్నాడు.

ఎత్తుకున్నాను. ఆయన మా ముందు నిలబడి భుజమ్మీది తువ్వాలు తీసి ఎడమచేతికి చుట్టుకున్నాడు. కుక్క మమ్మల్ని దాటి వెళ్ళిపోతుందనే అనుకున్నాను. దాటింది కూడా. అప్పుడు నా చేతుల్లో ఉన్న గోళీ మొరిగింది. ఒక్కసారే.

అది వెనక్కి తిరిగింది. మొరగలేదు, గుర్రుమనలేదు. చప్పుడు లేకుండా వచ్చి నా మోకాళ్ళమీదికి ఎగిరింది. ఆయన తువ్వాలు చుట్టిన చెయ్యి దాని నోటికి అడ్డం పెట్టాడు. తువ్వాలు జారింది. ఆయన కాలితో నెట్టేస్తే అది పక్కకు పడి, లేచి, ఏమీ జరగనట్టు మళ్ళీ అదే దారిన నేరుగా వెళ్ళిపోయింది. మొత్తం నిమిషం కూడా పట్టలేదు. మణికట్టు మీద రెండు చిన్న గాట్లు. ఒకదాంట్లోంచి రక్తం.

"గోళీని చూడు, గోళీని చూడు" అంటున్నాడు. "యాడన్నా తగిలిందా? కాలు ఒత్తుకున్నిందా?"

ఇంటికొచ్చి కుళాయి కింద ఆయన చెయ్యి పెట్టి సబ్బుతో కడిగాను. "ఇప్పుడే ఆసుపత్రికి వెళ్దాం, కారు తీస్తాను" అన్నాను.

"గోళీని ఒంటరిగా పెట్టి పోతామా? భయపడి ఉండాది, గెంతితే అంతా పాడైపోతాది. రేపు పొద్దున నేనే పోయి వేయించుకుంటాను. ఈడే గదా ఆసుపత్రి."

ఆయన వెళ్ళగానే నేను చేసిన మొదటి పని గోళీ డాక్టరుకు ఫోన్ చెయ్యడం. దాన్ని పన్ను తాకలేదు. అయినా ముందుజాగ్రత్తగా రేబీస్ టీకా మళ్ళీ ఒకటి వేద్దామన్నారు. మర్నాడు పొద్దున హోసూరులోని క్లినిక్‌కు తీసుకెళ్ళాను. సూది వేస్తుంటే గోళీ కదలకుండా పట్టుకున్నది ఆయనే. కట్టు కట్టిన ఆ చేత్తోనే. డాక్టరు ఆ కట్టు చూసి, "మీరు వేయించుకున్నారా?" అని తమిళంలో అడిగారు. "ఆయిడుచ్చు సార్" అన్నాడు. అయిపోయిందని.

బయటకొచ్చాక అడిగాను. "పొద్దున్నే పోయినానమ్మా, ఏడింటికే" అని చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. భుజం కింద చిన్న దూది, దానిమీద ప్లాస్టర్ ముక్క.

ఆ ప్లాస్టర్ లేతనీలం రంగుది. గోళీ కాలికి కట్టు నిలవడానికి బెంగళూరులో ఇచ్చిన ప్లాస్టర్ చుట్ట అలాంటిదే. మా ఇంట్లో మందుల డబ్బాలో ఉంటుంది. నేను చూశాను, గుర్తుపట్టాను. అలాంటిది ఆసుపత్రిలోనూ ఉండొచ్చులే అని నాకు నేనే చెప్పుకుని కారు స్టార్ట్ చేశాను.

మూడో రోజు రెండో సూది వెయ్యాలి. అది నాకు తెలుసు, ఇంటర్నెట్‌లో చదివాను. ఆ రోజే ఫ్యాక్టరీలో ఆడిట్. ఎనిమిదింటికల్లా ఉండాలి, రాత్రి ఏ వేళవుతుందో తెలియదు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ ఆయనతో అన్నాను: "ఈరోజు మీకు రెండోది ఉంది కదా. రేపు వెళ్తారా? గోళీ ఒక్కతే ఉండలేదు."

"సరేమ్మా" అన్నాడు. చాలా తేలికగా అన్నాడు. నేను ఆ తేలికకు సంతోషించి వెళ్ళిపోయాను.

మళ్ళీ అడగలేదు. అదే నేను చేసింది. ఆ తర్వాత ఆరు వారాలు, ఊరికెళ్ళే ఆదివారాలు తప్ప, ఆయన రోజూ మా ఇంటికి వచ్చాడు, రోజూ కాఫీ ఇచ్చాను, రోజూ గోళీ గురించి మాట్లాడుకున్నాం. ఒక్కసారి కూడా అడగలేదు. పాలావిడ వచ్చి, ఆ గోధుమరంగు కుక్క కాలవ దగ్గర చచ్చి పడి ఉందని చెప్పినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన గోళీ పాదం వేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరిస్తున్నాడు. "ముసల్ది, పోయింది పాపం" అన్నాడు తలెత్తకుండా. అది ముసలిది కాదు.

గోళీ మాత్రం బాగుపడుతూ వచ్చింది. ఐదో వారం నాలుగు కాళ్ళమీదా నడిచింది. ఆరో వారం గరాటు తీసేశాం. ఎనిమిదో వారం ఎక్స్‌రే చూసి బెంగళూరు డాక్టరు, ఇంట్లో ఇంత బాగా చూసుకున్న కేసు అరుదని మెచ్చుకున్నారు. ఆ మాట వచ్చి చెబితే ఆయన తల ఊపాడు. తొడ కండ ఇంకా సన్నగా ఉందనీ, ఇంకో నెల నడిపించాలనీ అన్నాడు. కొలవడానికి టేపు కాకుండా తన బొటనవేలూ చూపుడువేలూ కలిపి తొడ చుట్టూ పెట్టేవాడు. "ఇంకా సందు ఉండాది" అనేవాడు.

పదో వారంలో ఒక మంగళవారం, గోళీని నడిపించి వచ్చి ఎడమ మణికట్టు గోక్కుంటూ కూర్చున్నాడు. గాటు ఎప్పుడో మానిపోయింది. "చీమలు పారినట్ల ఉండాదమ్మా. భుజం దాకా." అలర్జీ ఏమో అన్నాను. కొబ్బరినూనె ఇచ్చాను. బుధవారం ఒళ్ళు వెచ్చగా ఉందన్నాడు. పైన ఫ్యాను తిరుగుతుంటే మెడ బిగపట్టుకుని, "దాన్ని నిలిపెయ్యమ్మా, గాలి పడడంలేదు" అన్నాడు. మంచి ఎండలో. కాఫీ ముట్టుకోలేదు. గ్లాసు గట్టుమీద చల్లారిపోయింది. గోళీ తోక ఊపుతూ వెళ్ళి ఆయన చెయ్యి నాకబోతే, నేను ఎప్పుడూ చూడనట్టు చెయ్యి విసురుగా లాక్కున్నాడు. అది బిత్తరపోయి నా దగ్గరికొచ్చింది.

గురువారం పొద్దున గేటు చప్పుడైంది. లోపలికి రాలేదు. గేటు మూసే ఉంది, అవతల నిలబడ్డాడు. చేతిలో సంచి. కళ్ళు ఎర్రగా, ముఖం ఒక్కరాత్రిలో పీక్కుపోయి ఉంది. నేను తలుపు తీసి వస్తుంటే చెయ్యి అడ్డంగా ఎత్తాడు.

"ఆడే ఉండమ్మా. గోళీని విడవద్దు. నేను ఊరికి పోతా ఉండాను."

"ఏమైందండీ? లోపలికి రండి, కూర్చోండి."

"చెప్పేది విను. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. ఎత్తుదారిలో నడిపించు, అప్పుడే తొడకి బలం వస్తాది. దిగేటప్పుడు ఎత్తుకో. సోఫా ఇంకొక నెల తిప్పొద్దు. చెవి చూడు. మరిచిపోవద్దు." మాట మధ్యలో గొంతు పట్టేసినట్టు ఆగుతోంది. మింగడానికి ప్రయత్నించి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

నేను పరిగెత్తి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాను. గేటు సందులోంచి చాపాను. ఆయన చెయ్యి ముందుకు వచ్చింది. గ్లాసు దగ్గరకు రాగానే మెడ నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. తల పక్కకు తిప్పేసి, రెండడుగులు వెనక్కి వేసి, గోడ పట్టుకున్నాడు. గ్లాసు నా చేతిలోనే ఉంది. నీళ్ళు తొణికి నా పాదాలమీద పడ్డాయి.

ఇద్దరికీ తెలిసిపోయింది. ఆయనకు ముందురోజే తెలిసుండాలి. ఫారంలో ఈ జబ్బు వచ్చిన ఆవుల్ని ఎన్నిటిని చూశాడో.

"మీరు వేయించుకోలేదు" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపులో కోపం లేదు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లవాడిలా చూశాడు. "బొడ్డు చుట్టూ వేస్తారని..." అన్నాడు. అంతే అన్నాడు. కారు తీస్తాను, ఇప్పుడే వెళ్దాం అని నేను తాళాలకోసం లోపలికి పరిగెత్తి వచ్చేసరికి గేటు దగ్గర లేడు. బస్టాండుకు వెళ్ళాను, కావేరిపట్టణం దారిలో వెళ్ళే కృష్ణగిరి బస్సులన్నీ ఎక్కి దిగాను. కనిపించలేదు. ఆయన ఫోన్ మోగుతూనే ఉంది. మధ్యాహ్నం కూతురు తీసింది. దారిలోనే పడిపోతే కండక్టరు ఆటోలో ఎక్కించి కృష్ణగిరి పెద్దాసుపత్రికి పంపాడట. చీకటి గదిలో పెట్టారట. శనివారం తెల్లారేసరికి పోయాడు.

ఐదో రోజు కావేరిపట్టణం వెళ్ళాను. వాళ్ళ ఇల్లు ఏటి వంతెన దాటాక ఒక సందులో. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయనలాగే సన్నటి మనిషి. కూతురు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తుంది, అచ్చం ఆయన ముక్కే ఆ అమ్మాయిది. నేను ఎవరో చెప్పగానే ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనా గోళీ వాళ్ళమ్మ! రా తల్లీ, కూర్చో. కరిచిన పొద్దే నీ కారులో కూర్చోబెట్టుకుని పోయి సూది వేయించినావంట. తర్వాత మూడూ కూడా నువ్వే తోడు పోయి వేయించినావంట. చెయ్యి చూసి నేను కొట్లాడితే చెప్పినాడు. 'ఆ మేడమ్మ కన్నకూతురు మాదిరి చూసుకుంటా ఉండాది, నువ్వు గమ్మునుండు' అన్నాడు. నీ రుణం ఎట్ల తీర్చుకోవల్ల?"

 ఆవిడ చేతులు వెచ్చగా, గరుకుగా ఉన్నాయి. నేను వాటిని వదిలించుకోలేదు. సిగ్గుతో చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కలిగింది ఊరట. ఆయన నన్ను కాపాడి పోయాడు. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. నాలుగు మాటలు చెప్పి లేచి వెళ్ళిపోవచ్చు.

అప్పుడు కూతురు తమిళయాస తెలుగులో అంది: "మేడం, మీరైనా అమ్మకి చెప్పండి. ఆసుపత్రిలో మా ఇద్దర్నీ సూదులు వేసుకోమన్నారు. నాయన్ని పట్టుకున్నాం గదా, ఎంగిలి తగిలింటాది అని. నేను వేసుకున్నాను. అమ్మ రానంటా ఉండాది."

"ఎందుకు వేసుకోవల్ల?" అంది ఆవిడ. "ఆయన ఒక్కటీ తప్పకుండా అన్నీ వేసుకున్నాడు. ఏమైంది? నీళ్ళు చూసి కేకలు పెట్టి పోయినాడు. ఆ సూదుల్లో ఏమీ లేదు. ఆయన నోట్లోంచి కారేది ఈ చేత్తోనే తుడిచినాను, చేతికి ఇదిగో, కొడవలి గాటు కూడా ఉండాది. వచ్చేది ఉంటే రానీ. నేనూ పోయేదాన్నే గదా."

నా చేతుల్లో ఉన్న ఆ చేతిని చూశాను. చూపుడువేలి మొదట్లో పచ్చిగా ఒక గాటు.

"చెప్పండి మేడం" అంది కూతురు. "మీ మాట వింటాది. ఆయనకు వేయించింది మీరే గదా."

"ఆయన వేసుకోలేదమ్మా" అన్నాను.

 వాళ్ళకు వినబడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను. "ఒక్కటి కూడా వేసుకోలేదు. నేను తీసుకెళ్ళలేదు. పొద్దున్నే వెళ్ళొచ్చానని అబద్ధం చెప్పారు, నాకు అనుమానం వచ్చింది, అయినా అడగలేదు. మూడో రోజు, రేపు వెళ్ళండి, ఇవాళ గోళీ దగ్గర ఉండండి అని నేనే అన్నాను. సూదుల్లో మందు ఉంది. వేసుకుని ఉంటే ఆయన బతికేవారు. మీరు వేసుకుంటే బతుకుతారు."

ఆవిడ తన చేతులు వెనక్కి తీసుకుంది. మెల్లగా, ఒక్కో వేలూ.

"నీకు తెలుసా?"

"అనుమానం ఉండేది."

"అడగలేదా?"

"అడగలేదు."

"ఎన్ని దినాలు?"

"ఆరు వారాలు."

కూతురు లేచి లోపలికి వెళ్ళింది. లోపల ఏదో గిన్నె కిందపడింది. ఆవిడ వాకిలివైపు చూసింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని ఎదురుచూశాను. ఏదైనా సరే అనుకున్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు దులుపుకుని లేచి, "పా, ఆసుపత్రికి పోదాం" అంది. నాతో కాదు, లోపల ఉన్న కూతురితో.

నా కారులోనే వచ్చారు, వెనక సీట్లో ఇద్దరూ.  ఊళ్ళోని గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు వచ్చి ఆవిడ రెండు చేతులకూ చిన్న సూది చెరొకటి వేసి, దూది ఒత్తి, లెమ్మంది. ఆవిడ లేవలేదు.

"ఇంతేనా?" అంది.

"అంతే అవ్వా. మిగతా తేదీలు చీటీలో రాసినాను."

"ఇంతేనా?" అని ఆవిడ మళ్ళీ అంది. నర్సుకు అర్థం కాక నావైపు చూసింది. నేను బయటికి వచ్చేశాను.

ఇంటిముందు దింపినప్పుడు ఆవిడ కారు తలుపు పట్టుకుని నిలబడింది. "మిగతావి నేనే నడిచి పోయి వేసుకుంటాను. నువ్వు రావొద్దమ్మా" అంది.

వెళ్ళలేదు. కానీ ఆ తేదీలన్నిట్లో సాయంత్రం కూతురికి ఫోన్ చేశాను. ప్రతిసారీ "వేసుకుంది" అనే ఒక్క మాట, ఆ వెంటనే ఫోన్ పెట్టేసిన చప్పుడు. చివరి తేదీన ఫోన్ ఎత్తింది ఆవిడే. నేను ఏదో అనబోయే లోపలే, "అయిపోయినాయి. ఇంక అడగొద్దు" అంది.

సరేనమ్మా అన్నాను. అప్పటికే లైను కట్ అయింది.